పుల్ల ఏ బండిదో ముందు చూడండి

పాత లారీలో ఇంజిన్ ఆయిల్ ఎంతుందని అడిగితే డ్రైవరైనా ఓనరైనా చేసేది ఒకటే. గేజి పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి తీసి చూపిస్తారు. పై గీత దాకా తడి ఉంటే "ఫుల్లుంది" అంటారు. ఆ పుల్ల ఆ ఇంజిన్‌దేనా అని అడిగేవాళ్ళు మాత్రం కనపడరు. పదిహేనేళ్ళు దాటిన లారీ దగ్గర మొట్టమొదట వేయాల్సిన ప్రశ్న అదేనని నా వాదన. పుల్లని పరీక్షించకుండా పుల్ల చెప్పింది నమ్మినందువల్ల బోరుకొచ్చిన ఇంజిన్లు చాలా చూశాను. ఆ ఖర్చులో కొంత డ్రైవర్ మెడకి చుట్టడం మన దగ్గర మామూలైపోయింది.

నేను 1980ల చివర్లో క్లీనరుగా లారీ ఎక్కినవాణ్ణి. తర్వాత స్టీరింగ్ పట్టుకుని చాలాకాలం కలకత్తా లైన్ తోలాను. ఇప్పుడు కోదాడ దగ్గర సొంతంగా ఒక పాత టాటా 1613 పెట్టుకున్నాను. సీజన్లో వడ్లు, బియ్యం. సీజన్ లేనప్పుడు ఇటుక, సిమెంటు, ఏ కిరాయి దొరికితే అది. ఇలాంటి బండ్లు కంపెనీ గేటు దాటినప్పుడు ఎట్లా ఉన్నాయో ఇప్పుడట్లా ఉండవు. ఇంజిన్ ఒక బండిది. దాని కింద ఆయిల్ ఛాంబర్ ఇంకో బండిది. పుల్ల దిగే గొట్టం ఎప్పుడో విరిగితే ఎవరో అతికించింది. ఆ పుల్ల పాత సామాన్ల కొట్లో గుట్టలోంచి ఏరుకొచ్చింది. విజయవాడ ఆటోనగర్‌ని నేనేమీ తప్పు పట్టడం లేదు. ఆటోనగరే లేకపోతే మాబోటి వాళ్ళం బండ్లని ఎప్పుడో తుక్కు కింద అమ్ముకునేవాళ్ళం. అక్కడి మేస్త్రీలు దేనికి ఏది సరిపోతుందో చూసి నడిపించేస్తారు. బండి నడుస్తుంది కూడా. లెక్క తప్పేది పుల్ల దగ్గరే.

పైగా ఒకే పేరు మీద రకరకాల ఇంజిన్లు. 1613 అనే పేరుతోనే టాటా సొంత 697 ఇంజినూ నడిచింది, తర్వాత జంషెడ్‌పూర్‌లో తయారైన కమిన్స్ ఇంజినూ వచ్చింది. మొదటిది 5.7 లీటర్లది, రెండోది 5.9 లీటర్లది. రెండూ ఆరు సిలిండర్లవే. ఛాంబర్ లోతు వేరు, పుల్ల పొడవు వేరు, పోయాల్సిన ఆయిల్ వేరు. లేలాండ్‌లో కామెట్ కాలం నుంచి హినో ఇంజిన్ బండ్ల దాకా ఇదే పరిస్థితి. కొట్లో "1613 పుల్ల ఇవ్వు" అని అడిగితే ఇస్తారు. ఏ 1613 అని వాళ్ళు అడగరు, మనం చెప్పం.

పుల్ల ఉండాల్సిన దానికన్నా లోతుకి దిగితే ఎక్కువ తడుస్తుంది. ఛాంబర్‌లో ఆయిల్ తక్కువున్నా పై గీత దాకా తడి కనపడుతుంది. పుల్ల తలకాయ దగ్గర ఆనే రబ్బరు ఊడిపోయినా ఇదే జరుగుతుంది. గొట్టం కొత్తగా బిగించేటప్పుడు కాస్త పైకి నిలబడిపోతే వ్యవహారం తిరగబడుతుంది. పుల్ల పైనే ఆగిపోతుంది, ఆయిల్ సరిపడా ఉన్నా తక్కువ చూపిస్తుంది, మనం టిన్ను వంచేస్తాం. పెద్ద ఇంజిన్‌లో పుల్ల మీద అరంగుళం తేడా అంటే లీటరు పైమాటే. ఇవి కాక ఛాంబర్ సొట్టలొకటి. పొలం గట్టునో, ఇటుక బట్టీ దగ్గర రాయికో కింద తగిలి ఛాంబర్ లోపలికి నొక్కుకుపోతే, పట్టే జాగా తగ్గి, తక్కువ ఆయిల్‌కే మట్టం పైకొస్తుంది. పుల్ల ఫుల్లు అంటుంది. లీటర్లు మాత్రం లోటే.

మా వైపు ఒకాయన బండి దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ పట్టేసింది. డ్రైవర్ బయలుదేరే ముందు పుల్ల చూశాడు. చూశాడని నాకెట్లా తెలుసంటే, ఆ పొద్దున బండి పక్కన టీ తాగుతూ నిలబడింది నేనే. పై గీతకి తడి ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఛాంబర్‌లో ఆయిల్ వెనక్కి జరుగుతుంది. నిండుగా ఉంటే ఎంత జరిగినా పంపు జాలీ మునిగే ఉంటుంది. తక్కువుంటే జాలీ బయటపడి గాలి పీలుస్తుంది. ఆ కాసేపటికే బిగ్ ఎండ్ బేరింగులు కరిచేశాయి. బండిని దింపించి ఛాంబర్ ఊడదీస్తే, లోపల మిగిలిన ఆయిల్ డబ్బాలో పోసి కొలిస్తే, ఉండాల్సిన దానికి మూడు నాలుగు లీటర్లు తక్కువ తేలింది. కారిన గుర్తు ఎక్కడా లేదు. మేస్త్రీ పుల్ల తీసి ఛాంబర్ పక్కన నిలబెట్టి చూపించాడు. దాని కొస దాదాపు అడుక్కి ఆనుతోంది. అది ఆ ఇంజిన్ పుల్ల కాదు.

అయినా డ్రైవర్ జీతంలో కోత పడింది. ఓనర్ అన్న మాట, "ఆయిల్ చూసుకోకుండా తోలాడు." చూసుకునే తోలాడయ్యా అంటే వినడు.

ఇక్కడ ప్రెషర్ మీటర్ గురించి కూడా చెప్పాలి. చాలామంది డ్రైవర్లు ముల్లు సరిగ్గా ఉంది కదా, ఆయిల్ ఉన్నట్టేగా అంటారు. పంపు నోటికి ఆయిల్ అందుతున్నంతసేపూ ముల్లు కదలదు. ఛాంబర్‌లో సగానికి పడిపోయినా సమతలం మీద మామూలుగానే చూపిస్తుంది. ముల్లు పడిపోయిందంటే అప్పటికే గాలి వెళ్ళిపోయింది. మట్టం సంగతి చెప్పే పని మీటర్‌ది కాదు. అసలు మా ఈడు బండ్లలో పని చేసే మీటర్ ఉంటేనే గొప్ప.

తక్కువ సంగతి ఇదైతే, ఎక్కువ సంగతి ఎవరూ పట్టించుకోరు. లాంగ్ ట్రిప్ ఉంటే గీత మీద ఒక వేలెడు ఎక్కువ పోసెయ్, దారిలో చూసుకోనక్కర్లేదు అని చెప్పే ఓనర్లు నాకు చాలామంది తెలుసు. క్రాంకు కింది బరువులకీ ఆయిల్ పైమట్టానికీ మధ్య ఉండే జాగా తక్కువ. ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోందంటే ఆ బరువులు సెకనుకి 33 సార్లు కిందికొస్తాయి. ఆయిల్ అందే ఎత్తులో ఉంటే దాన్ని చిలికి నురగ చేస్తాయి. నురగ బేరింగుల దగ్గరికి వెళ్తే ఇనుముకీ ఇనుముకీ మధ్య నిలవాల్సిన పొర నిలవదు. ఆయిల్ వేడెక్కుతుంది, ముల్లు ఊగుతుంది, క్రాంకు సీలు దగ్గర చెమర్చడం మొదలవుతుంది. లైనర్ల మీదికి అతిగా చిమ్మిన ఆయిల్‌ని అరిగిన రింగులు గీకి దింపలేవు. అది పైకెళ్ళి కాలి నీలం పొగగా పోతుంది. ఇంకొంత బ్రీదర్ గొట్టంలోంచి రోడ్డు మీద కారుతుంది.

ఆ పొగ చూసి ఓనర్ ఏమంటాడు? "బండి ఆయిల్ తాగుతోందిరా, ఇంకో రెండు లీటర్లు పొయ్యి." పోస్తారు. అదీ పొగైపోతుంది. ఇంజిన్ తనకి అక్కర్లేనిది కక్కుకుంటోందని, ఒక మట్టానికి దిగాక దానంతటదే నిలబడుతుందని ఒక్కసారి ఆగి చూస్తే తెలిసిపోతుంది. నా బండి విషయంలో నేను చేసింది అదే. పై గీత దాకా పోయడం మానేసి రెండు గీతల మధ్య ఉంచడం మొదలుపెట్టాను. పై భాగంలో ఉండే లీటరు ఎంత తొందరగా పోయేదో, మధ్యకొచ్చాక అంత నెమ్మదిగా తగ్గడం మొదలైంది. అందుకే అరిగిన ఇంజిన్‌కి మధ్యలో ఉంచమని చెబుతాను. ఘాట్ ఎక్కే ట్రిప్పయితే పై గీతకి తెస్తాను, గీత దాటనివ్వను. కింది గీతకీ పై గీతకీ మధ్య ఆ కమిన్స్ ఇంజిన్లలో రెండు లీటర్ల దరిదాపు ఉంటుంది కాబట్టి మధ్యలో ఉంచడమంటే లీటరు తక్కువ, అంతే. ఈ మాట ఒప్పుకోని మేస్త్రీలున్నారు. కొత్త ఇంజిన్‌కి వాళ్ళు చెప్పిందే సరి.

టర్బో ఉన్న బండికి ఇంకో ప్రమాదం ఉంది. సీలు పోయిన టర్బో ద్వారానో, బ్రీదర్ గుండానో ఆయిల్ గాలిదారిలోకి ఎక్కితే డీజిల్ ఇంజిన్ దాన్నే ఇంధనంగా కాల్చుకుంటుంది. స్టాప్ వైరు లాగినా ఆగదు, తాళం తీసినా ఆగదు. గాలి దారి మూయాలి, లేదా ఇంజిన్‌ని బలవంతంగా ఆపాలి. ఆ సమయంలో చేయి అడ్డం పెట్టాలని చూసేవాళ్ళుంటారు. చేయి పోతుంది. గేరులో ఉంటే బ్రేకు మీద నిలబడి క్లచ్ వదిలెయ్యడం మేలు.

ఇక చూసే చోటు. బండి నిలబెట్టిన నేల వాటంగా ఉంటే పుల్ల చెప్పేది తప్పుతుంది. లారీ అంత పొడవు బండికి సమతలం ఎక్కడ దొరుకుతుంది? నా సలహా కాటా. మిల్లుల దగ్గర, క్వారీల దగ్గర ఉండే లారీ కాటా ప్లాట్‌ఫారం మట్టం చూసి కట్టింది. పొద్దున్నే రద్దీ లేనప్పుడు కాటా గుమాస్తాని అడిగితే కాదనడు. అదీ కుదరకపోతే ఇంటి దగ్గర బండి నిలబెట్టే జాగాని తాపీ మేస్త్రీ నీళ్ళ ట్యూబుతో ఒక్కసారి మట్టం చూపించి, నాలుగు టైర్లకి గుర్తులు పెట్టుకోండి. ఎప్పుడూ అక్కడే చూడండి. నేల చదునుగా ఉన్నా బండి చదునుగా ఉండకపోవచ్చు. ఒకవైపు కమాన్లు కూర్చుంటే బండి ఆ పక్కకి ఒరుగుతుంది. వెనక లోడుంటే ముక్కు లేస్తుంది. అందుకే ఖాళీ బండి మీద చూసిన లెక్కని లోడు బండి మీద చూసిన లెక్కతో పోల్చొద్దు. ఏదో ఒక స్థితి ఎంచుకుని దాన్నే పాటించండి.

వేళ కూడా అంతే. ఇంజిన్ ఆపగానే పుల్ల తీస్తే పైనున్న ఆయిల్ ఇంకా కిందికి రాలేదు, తక్కువ చూపిస్తుంది. పది పదిహేను నిమిషాలు ఆగాలి. మరోపక్క వేడికి ఆయిల్ ఉబ్బుతుంది. 60 డిగ్రీలు పెరిగితే 4 శాతం పైన ఉబ్బుతుంది కాబట్టి 15 లీటర్ల మీద అర లీటరు దాటుతుంది. రాత్రి వేడి మీద చూసి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసి "అర లీటరు ఎవడో తీశాడు" అని డ్రైవర్‌తో గొడవ పడ్డ ఓనర్‌ని నేనెరుగుదును. నా మట్టుకు నేను తెల్లవారి స్టార్టు చేయక ముందే చూస్తాను. పుల్ల మీద ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడేవాళ్ళకో మాట. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోసిన రోజే నల్లబడుతుంది. రంగు చూసి మార్చడం డబ్బు దండగ, కిలోమీటర్లు చూసి మార్చాలి.

పుల్లని పరీక్షించడం పెద్ద విద్యేం కాదు. ఎలాగూ ఆయిల్ మార్పిస్తారు కదా, ఆ రోజు ఇంకో అరగంట పెట్టుకోండి. బండిని మట్టంగా నిలిపి, ఇంజిన్ వేడి మీదుండగా పాత ఆయిల్ చుక్క మిగలకుండా దింపండి. కొత్త ఫిల్టరు బిగించండి. ఆ ఇంజిన్ నంబరు చెప్పి, ఆ ఛాంబర్‌కి కింది గీత దాకా ఎన్ని లీటర్లు, పై గీత దాకా ఎన్ని లీటర్లు, ఫిల్టరు పట్టేది అందులో కలిసిందా లేదా అని కంపెనీ పుస్తకంలో చూడండి. పుస్తకం లేకపోతే కంపెనీ వర్క్‌షాపులో అడగండి. కింది గీత లెక్క ప్రకారం లీటరు కొలతతో కొలిచి పోయండి. టిన్ను ఊపి అందాజుగా పోయొద్దు. ఇంజిన్ కొద్ది నిమిషాలు నడిపితే ఫిల్టరు నిండుతుంది. ఆపి, పావుగంట ఆగి, పుల్ల దించి తీయండి. తడి ఎక్కడ ఆగిందో అదే మీ బండి కింది గీత. మిగిలిన లీటర్లు పోసి మళ్ళీ చూస్తే పై గీత తెలుస్తుంది. పాత గీతలతో కలిస్తే సంతోషం, ఆ పుల్ల మీ బండిదే. కలవకపోతే సన్న ఆకురాయితో కొత్త గీతలు పెట్టుకోండి. లోతుగా మాత్రం కోయొద్దు. యాక్సా బ్లేడుతో కోసిన చోట పుల్ల విరిగి ముక్క ఛాంబర్‌లో పడిన బండి కూడా ఉంది. ఛాంబర్‌కి సొట్ట ఉంటే ముందు అది సరిచేయించి ఈ పని చేయాలి, లేకపోతే తప్పు మీద తప్పు గీసుకున్నట్టే.

పాత బండిలో నన్ను ఎక్కువ భయపెట్టేది తగ్గే ఆయిల్ కాదు, తగ్గడం మానేసిన ఆయిల్. ఏళ్ళ తరబడి వెయ్యి కిలోమీటర్లకి లీటరు తాగిన ఇంజిన్ ఉన్నట్టుండి ఏమీ తాగడం లేదంటే ఓనర్ మురిసిపోతాడు. ఇంజిన్ తనంతట తాను బాగుపడదు. పోయిన చోటుని ఇంకేదో నింపుతోంది. ఇంజిన్ ఆయిల్‌తోనే నడిచే డీజిల్ పంపులో ఎలిమెంట్లు అరిగితే డీజిల్ ఛాంబర్‌లోకి దిగుతుంది. నోజిల్ సరిగ్గా చిమ్మకపోయినా లైనర్ గోడల వెంట జారి దిగుతుంది. వేళ్ళ మధ్య రుద్దితే జిగట ఉండదు, వాసన చెప్పేస్తుంది. హెడ్ గాస్కెట్టో, లైనర్ రబ్బరు రింగులో పోతే రేడియేటర్ నీళ్ళు దిగుతాయి. అప్పుడు పుల్ల మీద పాలు కలిపిన టీ రంగు కనపడుతుంది. రంగు మారకముందే పట్టుకోవాలంటే, రాత్రంతా నిలబడ్డ బండి కింద తెల్లవారి డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేయండి. నీళ్ళు బరువు కాబట్టి అడుగున చేరి ముందు అవే వస్తాయి. అనుమానంగా ఉన్న చుక్కని కాలిన రేకు మీద వేస్తే చిటపటలాడుతుంది. ఇవన్నీ మా గురువు చూపించినవి. ఏ మీటరూ చెప్పదు.

ఆయిల్ పోయే దారి మరొకటుంది, చాలామందికి తట్టదు. బ్రేకులకి గాలి కొట్టే కంప్రెసర్ ఇంజిన్ ఆయిల్‌తోనే నడుస్తుంది. దాని రింగులు అరిగితే ఆయిల్ గాలితో పాటు ఎయిర్ ట్యాంకులోకి పోతుంది. పొగ లేదు, కారడం లేదు, ఆయిల్ మాత్రం తగ్గుతోందంటే ట్యాంకు కింద డ్రెయిన్ వాల్వు లాగి చూడండి. నల్లటి జిగురు పడితే దొంగ దొరికినట్టే. అది బ్రేకు వాల్వుల రబ్బర్లనీ తినేస్తుంది కాబట్టి ఇది ఆయిల్ ఖర్చుతో పోయే విషయం కాదు. ఇంకా పాత బండ్లలో ఆయిల్ గిన్నె ఉండే ఎయిర్ క్లీనర్లున్నాయి. ఆ గిన్నెకీ ఒక గీత ఉంటుంది, అది దాటి పోస్తే ఇంజిన్ పీల్చుకుంటుంది. దాని సంగతి గుర్తున్నవాళ్ళు ఇప్పుడు తక్కువ.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈ పనులన్నీ ఒకప్పుడు ఒక మనిషి చేసేవాడు. క్లీనర్. డ్రైవర్ లేచి మొహం కడుక్కునేసరికి రేడియేటర్‌లో నీళ్ళు, పుల్ల చూడటం, ఎయిర్ ట్యాంకు నీళ్ళు వదలడం, రాడ్డుతో టైర్లు కొట్టి చూడటం అయిపోవాలి. కాకపోతే తిట్లు. నేను ఆ తిట్లు తినే నేర్చుకున్నాను. ఇప్పుడు లారీల మీద క్లీనర్లు కనపడటం అరుదు. కిరాయిలు గిట్టుబాటు కాక ఓనర్లు మానేశారు, కుర్రాళ్ళు కూడా రావడం మానేశారు. ఎవరినీ తప్పు పట్టలేం. క్లీనర్ పోయాడు, ఆ పని మాత్రం పోలేదు. అది చెప్పాపెట్టకుండా డ్రైవర్ మీద పడింది. దానికి జీతంలో రూపాయి పెరగలేదు. రాత్రంతా తోలి, మిల్లు దగ్గర లైన్లో నిలబడి, దిగుమతి చేయించుకుని, మళ్ళీ లోడుకి పరిగెత్తే మనిషిని తెల్లవారి పావుగంట ఆగి పుల్ల చూడమంటే ఎన్ని రోజులు చూస్తాడు?

చూసినా చెప్పే పరిస్థితి ఉందా? "ఆయిల్ తగ్గింది సార్, రెండు లీటర్లు కావాలి" అని ఫోన్ చేస్తే ఎక్కువమంది ఓనర్ల నోట మొదట వచ్చేది, "మొన్నేగా పోశాం, ఏం చేశావ్?" అనే. డీజిల్ విషయంలో ఉన్న అనుమానం ఆయిల్ టిన్ను మీదికీ పాకింది. బిల్లు తెస్తే ఒప్పుకోరు, బిల్లు లేకపోతే అసలే ఒప్పుకోరు. దాంతో కొందరు డ్రైవర్లు అడగడం మానేస్తారు. ఇంకొందరు ఇచ్చినప్పుడే వేలెడు ఎక్కువ పోసి దాచుకుంటారు. పైన చెప్పిన తక్కువకీ ఎక్కువకీ ఇదే మూలం. కొన్నిచోట్ల డ్రైవర్లు టిన్ను మాయం చేసిన మాటా నిజమే. దానికి మందు అనుమానం కాదు, లెక్క. బండి నాలుగు కిలోమీటర్ల మైలేజీ ఇస్తే వెయ్యి కిలోమీటర్లకి 250 లీటర్ల డీజిల్. అందులో అర శాతం ఆయిల్, అంటే లీటరుంబావు. అరిగిన ఇంజిన్‌కి నేను దాన్ని హద్దుగా పెట్టుకున్నాను. క్యాబిన్‌లో ఒక నోటుబుక్కు, తేదీ, కిలోమీటర్లు, పుల్ల మట్టం, పోసిన లీటర్లు. హద్దు లోపలుంటే నేను ప్రశ్న అడగను. దాటితే డ్రైవర్ని కాదు, ముందు కంప్రెసర్ని అనుమానిస్తాను.

మా డ్రైవర్‌కి పొద్దున పుల్ల చూసి పుస్తకంలో రాసినందుకు రోజుకి 50 రూపాయలు బత్తా మీద కలిపి ఇస్తున్నాను. తోటి ఓనర్లు నవ్వారు. నెలంతా చూసినా 1550 దాటదు. ఈ మధ్య బోరు చేయించి క్రాంకు గ్రైండింగ్ పట్టించినవాళ్ళలో లక్ష లోపు బయటపడ్డవాళ్ళని నేను చూడలేదు. బండి ఆగిన రోజుల కిరాయి దానికి అదనం. డబ్బు ఇచ్చాక ఇంకో మార్పు వచ్చింది. అది తన పనే అని అతనికి అనిపించింది. "తగ్గింది" అని చెప్పడానికి ఇప్పుడు గొంతు తగ్గించుకోవడం లేదు.

ఈ పాత బండ్లని తుక్కు చేసేస్తే గొడవే ఉండదు కదా అనేవాళ్ళున్నారు. పదిహేనేళ్ళు దాటిన లారీలకి 2022 ఏప్రిల్ నుంచి ఫిట్‌నెస్ ఫీజు వేలల్లోకి తీసుకెళ్ళింది అందుకే. కొత్త లారీల్లో ఆయిల్ తగ్గితే డ్యాష్‌బోర్డు చెబుతుంది, ఇంజిన్ తన్ను తాను కాపాడుకుంటుంది. ఒప్పుకుంటాను. కానీ ఊళ్ళో ఇటుకలు, మిల్లుకి వడ్లు, గోడౌన్‌కి బియ్యం మోసే కిరాయి మీద కొత్త బండి ఈఎంఐ తేలదు. ఆ పని పాత బండ్లదే, ఇంకా కొన్నేళ్ళు వాటిదే. ఉన్నన్నాళ్ళూ సరిగ్గా నడపడం ఎట్లాగో మాట్లాడుకోవాలి. ఎనిమిదేళ్ళు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ చేయిస్తాం. బ్రేకులు, లైట్లు, హారన్, పొగ చూస్తారు. పుల్ల తీసి చూడటం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పని కాదు, ఆయన్ని అడగడమూ న్యాయం కాదు. కానీ హెవీ లైసెన్స్ శిక్షణలో దీనికి ఒక పూట పెట్టొచ్చు. సెన్సర్ల బండి మీద నేర్చుకుని పాత బండి ఎక్కుతున్న కుర్రాళ్ళు పుల్ల ఎక్కడుందో వెతుక్కోవడం నేను చూస్తున్నాను.

రైస్ మిల్లుల వాళ్ళకీ, సిమెంటు ఫ్యాక్టరీల వాళ్ళకీ ఒక విన్నపం. లారీలు గంటల తరబడి మీ గేట్ల ముందు నిలబడతాయి. అక్కడ ఒక లారీ పట్టేంత మేర మట్టం చూసి సిమెంటు చేయించండి. పక్కన కాలిన ఆయిల్ పోయడానికి ఒక డ్రమ్ము పెట్టండి. ఇప్పుడది ఎక్కడ పోతోందో అందరికీ తెలుసు. కొంత సెంట్రింగ్ పలకలకి, మిగిలింది కాలవలోకి. కాలిన ఆయిల్ చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం, కాలవలో పోయడం నేరం. డ్రమ్ము పక్కనే ఉంటే డ్రైవర్ కాలవ దాకా నడవడు.

ఓనర్లకి చివరిగా ఒక మాట. లారీ తలుపు మీద ఖాళీ బరువు, లోడు బరువు పెయింటుతో రాయించడం మనకి అలవాటే. ఈసారి ఆయిల్ మార్చినప్పుడు కొలిచి పోసి, కింది గీతకి ఎన్ని లీటర్లు, పై గీతకి ఎన్ని లీటర్లు అన్నది క్యాబిన్ లోపల అదే పెయింటర్ చేత రాయించండి. డ్రైవర్ మారినా, పుల్ల మారినా, ఆ అంకెలు మారకూడదు.